బంతిపూల పెట్టె

ఒక ఊళ్ళో పెళ్ళి వీడియోలు కూర్చిపెట్టే అతను ఉండేవాడు. అతని దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉండేది. అందరూ దాన్ని పెట్టె అనేవాళ్ళు. అతనికి మాత్రం అది అన్నం పెట్టే తల్లి.

తల్లిని చూసుకున్నట్టే చూసుకునేవాడు. గాజు తలుపుల బీరువాలో పెట్టాడు. భార్య చేత ఊలు గుడ్డ అల్లించి పైన కప్పాడు. పొద్దున్నే దాని ముందు అగరొత్తి వెలిగించందే స్విచ్ వేసేవాడు కాదు. దసరాకి ఆయుధపూజ నాడు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసేవాడు. దండ ఎండి రేకులు రాలిపోతున్నా దాన్ని తియ్యడానికి అతనికి చేతులు వచ్చేవి కావు. అంత మర్యాద ఆ ఊళ్ళో చాలామంది మనుషులకే జరగలేదు.

ఒకరోజు పెట్టె మొరాయించింది.

జీలకర్ర బెల్లం ఘట్టంలో అతను వధూవరుల మీద తెర నిండా పూలు కురిపిస్తున్నాడు. పెట్టె లోపలి ఫ్యాను గీపెట్టింది. తెర నల్లబడింది. పెట్టె ఆగిపోయింది. కాసేపాగి మళ్ళీ వేస్తే మళ్ళీ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. పెళ్ళికొడుకు చెయ్యి ఎత్తడమే గానీ పెళ్ళికూతురి తలమీద పెట్టింది లేదు.

ఆ వీడియో కోసం ఒక ముసలావిడ ఎదురుచూస్తోంది. పెళ్ళికూతురికి నానమ్మ. మంచం దిగలేక పెళ్ళికి రాలేకపోయింది. ఆవిడ కొడుకు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

“అమ్మ రోజురోజుకీ నీరసపడిపోతోందయ్యా. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతోంది. మనవరాలి మెళ్ళో తాళి పడటం చూస్తానంటోంది. ఆ ఒక్క కోరికా తీర్చు.”

“రేపిచ్చేస్తానండీ,” అనేవాడు వీడియో అతను. ఆ రేపు ఎంతకీ వచ్చేది కాదు. ఈలోగా ఆవిడకేమన్నా అయితే ఆ పాపం తనదేనని లోలోపల బెంగపడేవాడు.

ముందు దిష్టి తగిలిందనుకుని నిమ్మకాయ తిప్పి పారేశాడు. తర్వాత కరెంటు తీగ మార్చాడు. ఆ తర్వాత పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. చురుక్కుమంది. అప్పుడు టేబుల్ ఫ్యాను తెచ్చి బీరువాకి ఎదురుగా పెట్టాడు.

భార్య కాఫీ తెచ్చి చూసింది. “తలుపులు మూసి విసురుతున్నారు. గాలి ఎవరికండీ?”

“తెరిస్తే దుమ్ము పడదూ!” అని కసిరాడు.

పెట్టె మళ్ళీ ఆగింది. ఇక లాభం లేదని ఊలు గుడ్డ తీసి, పెట్టెని కిందికి దింపి, పక్క రేకు విప్పాడు.

లోపల బొమ్మల్ని తెరకి పంపే గ్రాఫిక్స్ కార్డు ఉంది. దాని చిన్న ఫ్యాను రెక్కలకి దండ దారం చుట్టుకుని ఉంది. వేడి బయటికి పోవాల్సిన సందుల్లో ఎండిన బంతిరేకులు కుక్కుకుపోయాయి. వాటి మీద అగరొత్తి మసి జిగురులా పట్టేసింది. వీధి దుమ్ము కనిపిస్తుందేమోనని వెతికాడు. ఉన్నదంతా తను పెట్టిందే.

అతనికి సిగ్గేసింది. గోల చేస్తోందని విసుక్కున్నాడు గానీ, ఆ ఫ్యాను మెడకి ఉరి పడ్డా తిరగడానికే చూసింది. పెట్టె ఆగింది కూడా కాలిపోకుండా ఉండటానికే. “ఇంతకాలం ఎలా ఓర్చుకున్నావే తల్లీ,” అన్నాడు పైకే.

కత్తెరతో దారం కోశాడు. రంగులేసే కుంచెతో రేకులూ మసీ దులిపాడు. కార్డు మీద వేడిని లాగే పేస్టు ఎండి సున్నంలా రాలిపోతుంటే తుడిచేసి కొత్తది రాశాడు. పెట్టెని తిరిగి బీరువాలోకి ఎక్కించలేదు. ఉత్త బల్ల మీద, ఏమీ కప్పకుండా పెట్టాడు. స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతున్న సంగతి కూడా తెలియలేదు. పూలు కురిశాయి, జీలకర్ర బెల్లం దాటింది, తాళి పడింది.

మర్నాడు వీడియో పట్టుకుని ముసలావిడ ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ గదిలో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. తలుపు కింది సందులో పాత చీర దోపారు. ఆవిడ మీద రెండు రగ్గులు, తలకి మఫ్లరు, మంచం పక్కన సాంబ్రాణి పొగ. కొడుకు వంగి తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

“మా అమ్మ మాకు దేవతయ్యా. గాలి కూడా తగలనివ్వం.”

ముసలావిడ మొహం చెమటతో తడిసిపోయి ఉంది. వీడియో అతన్ని చూసి పెదాలు కదిపింది. “నాయనా, తె...” అని ఆగిపోయింది.

“చూశావా? ఇదీ వరస,” అన్నాడు కొడుకు. “త్వరగా పెట్టు.”

వీడియో అతను టీవీ దగ్గరికి వెళ్ళలేదు. సాంబ్రాణి కుంపటి తీసుకెళ్ళి వసారాలో పెట్టి వచ్చాడు. కిటికీ గడియ బిగుసుకుపోయి ఉంటే అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి తీశాడు.

“ఏమయ్యోయ్, వీడియో పెట్టమంటే ఇదేం పని? అమ్మకి చలిగాలి పడదు!”

అతను పైరగ్గు తీసి కొడుకు చేతుల్లో పెట్టాడు. రెండోదీ పెట్టాడు. మఫ్లరు ముడి విప్పాడు. కిటికీలోంచి గాలి వచ్చి ముసలావిడ నెరిసిన జుట్టు కదిలింది. ఆవిడ కళ్ళు మూసుకుని పొడుగ్గా ఊపిరి తీసింది. ఆమెకేమైందోనని కొడుకు కంగారుగా ముందుకి వంగాడు.

“నాయనా, తెచ్చావా?” అంది ముసలావిడ.

వీడియో అతను అప్పుడు టీవీ వైపు నడిచాడు. కొడుకు మాత్రం ఆ రగ్గులు ఎక్కడ పెట్టాలో తెలియక, చేతుల నిండా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.