నాలుగు సింహాల ఫౌంటెన్‌కు దారి

సింగరాయపట్నం పొలిమేరలో ఇటుకల బట్టీ పక్కన రేకుల షెడ్డులో మస్తాన్ అనే ముసలి గుర్రం ఉండేది. ఒకప్పుడు పట్నంలో జట్కా లాగింది. కళ్లు పోయాక దాన్ని తోలే సాయిబు అమ్ముకోవడానికి మనసొప్పక, బట్టీ నడిపే తమ్ముడి దగ్గర వదిలాడు. గడ్డికీ నీళ్లకీ లోటు లేదు. కానీ ఆ ఎండాకాలం మోకాళ్లు వాచి, లేవడమే కష్టమైన దగ్గర్నించి దాని మనసు ఒకే చోటికి పరిగెడుతోంది.

పట్నం నడిబొడ్డున, నాలుగు రోడ్లు కలిసేచోట పాతకాలపు రాతి ఫౌంటెన్ ఉంది. నాలుగు సింహాల నోళ్లలోంచి నీళ్లు దూకుతాయి. కింద పశువులకని తొట్టి కట్టించారు. వయసులో ఉండగా మస్తాన్ బేరానికీ బేరానికీ మధ్య అక్కడే దాహం తీర్చుకునేది.

"మళ్లీ ఎండాకాలానికి నేనుండను. ఆ నీళ్లు ఒక్కసారి తాగాలి. తోవ చూపిస్తావా అబ్బీ?" అనడిగింది, బట్టీ చుట్టూ తిరిగే నక్కని.

"పనిలేనివాణ్ణి గుడ్డి గుర్రానికి పళ్లు తోమమంటారు. నాకు చాలా పనులున్నాయి తాతా," అంది నక్క.

"బెల్లం అచ్చు దాచుకున్నాను. ఇస్తాను."

ఆ మాటతో నక్క పనులన్నీ అయిపోయాయి. బెల్లం అక్కడికక్కడే నమిలి, తోక కొస గుర్రం మూతికి తగిలేలా ముందు నడిచింది.

మిట్టమధ్యాహ్నం. ఊరంతా తలుపులు వేసుకుని కునుకు తీస్తోంది. సందులు తిరిగి తిరిగి నక్క ఒకచోట ఆగింది.

"ఇదే తాతా. తాగు."

గుర్రం చెవులు రిక్కించింది. నీళ్లు పడుతున్న మాట నిజమే. కానీ సన్నగా, పగిలిన గొట్టంలోంచి కారుతున్నట్టు పడుతున్నాయి. కాళ్ల కింద బండలు లేవు, బురద ఉంది. అంట్లు కడిగిన వాసన. ఇంత దూరం వాచిన కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది ఒక హోటలు పెరట్లోకా? పోట్లాడితే నక్క చక్కా పోతుంది. తనకి ముందుకీ దారి తెలీదు, వెనక్కీ తెలీదు. కోపాన్ని దిగమింగుకుంది.

"బతికించావు అబ్బీ," అంది. "నాకు నీళ్లు దొరికాయి, మరి నీకూ ఏమైనా దొరకాలిగా. ఉత్తరం వైపు సింహం వెనక ఒక బొరియ ఉంటుంది. అక్కడ కబాబులమ్మే అబ్బాయి మిగిలిన ముక్కలన్నీ అందులోకే తోసేవాడు. కుక్కల తల పట్టదు. నీ మూతి అయితే తిన్నగా దూరుతుంది."

నక్కకి నోరూరింది. పెరడంతా వెతికినట్టు అటూ ఇటూ తిరిగింది.

"సింహం కనబడదేం తాతా? ఎత్తుకుపోయారేమో."

"రాతి సింహాన్ని ఎవరెత్తుకుపోతారు? పోనీలే. తెలిసినవాళ్లెవరో తింటారు."

నక్క కాసేపు గుటకలు మింగింది. చివరికి, "ఎండకి కళ్లు బైర్లు కమ్మి ఒక సందు ముందే ఆగానేమో. రా," అంది.

ఈసారి డెక్కల కింద బండలు ఠక్కుమన్నాయి. పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. చల్లటి తుంపర మొహాన పడింది. గుర్రం తొట్టిలో మూతి ముంచి, మెడ కిందికి నీళ్లు కారుతుంటే తాగింది. ఆగింది. మళ్లీ తాగింది. కాళ్ల నొప్పి ఎక్కడికి పోయిందో.

నక్క ఉత్తరపు సింహం వెనక దూరి, మూతినిండా నాచుతో బయటికొచ్చింది.

"ఇక్కడేం లేదు తాతా."

"హోటలు పెరట్లో ఫౌంటెన్ ఎంత ఉందో, ఇక్కడ కబాబులూ అంతే ఉన్నాయి."

నక్క తల దించుకుంది. మెల్లిగా అంది: "ఈ సెంటర్లో కుక్కలు పోయినేడు నా చెవి చీల్చేశాయి. మళ్లీ రావడానికి భయమేసింది. భయమని చెప్పడానికి సిగ్గేసింది. బెల్లమేమో అప్పటికే తినేశాను."

గుర్రం ఏదో అనబోయేలోగా అరుగుల కింద గురకలు ఆగాయి. ఒక కుక్క మొరిగింది. దాంతోపాటు నాలుగు లేచాయి. నక్క అక్కడే కూలబడింది.

"నా పొట్ట కిందికి రా," అంది మస్తాన్.

నక్క దూరింది. ముసలి గుర్రం వెనక కాలెత్తి బండ మీద కొట్టింది. నిప్పురవ్వలు లేచాయి. కుక్కలు మొరుగుతూనే నాలుగడుగులు వెనక్కి తగ్గాయి.

"ఇంక తోవ చెప్పు అబ్బీ. నీ భయం సంగతి నేను చూసుకుంటాను. ఎటు పోవాలో అది మాత్రం నిజం చెప్పు."

"ఎడమకి తాతా," అంది నక్క పొట్ట కిందనుంచి. "తర్వాత తిన్నగా."

నాలుగు కాళ్ల మధ్య ఇంకో నాలుగు కాళ్లు తడబడుతూ, రెండూ పొద్దు వాలకముందే బట్టీ చేరాయి.

పిరికివాణ్ణి వెంటబెట్టుకుని ఎంత దూరమైనా పోవచ్చు; అబద్ధాలవాడి వెంట వీధి మలుపు కూడా దాటలేం.