మూడో విస్తరి

సదానందయ్యగారికి ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం వంట దిగగానే మూడు విస్తళ్లు పరిపించేవారు. ఒకటి తనకు, ఒకటి శిష్యుడికి. మూడోది ఎవరికో ఆయనకూ తెలియదు. తరువాత గుమ్మం దాటి వచ్చి, ఎదురుగుట్ట మారుమోగేలా, "ఆకలైనవాళ్లు ఎవరున్నా రండోయ్, అన్నం వడ్డిస్తున్నాం!" అని కేక వేసేవారు. కాసేపు చూసి, అప్పుడు గానీ విస్తరి ముందు కూర్చునేవారు కారు. ఎవరూ రాకపోతే మూడో విస్తరిలోని అన్నం వంట చేసినవాడికి, అంటే శిష్యుడికి, చెందేది. ఆశ్రమం ఉన్నది కడప సీమలో, ఊళ్లకు దూరంగా ఒక ఎర్రగుట్ట మీద. రెండు గదులు, ఒక వంటపాక, ఒక నీళ్లతొట్టి, అంతే. ఇక్కడ పిలిస్తే పలికేవాళ్లెవరని కొత్తగా చేరిన మార్కండేయులికి నవ్వొచ్చేది.

మార్కండేయులికి చిన్నప్పటినుంచీ ఆకాశం పిచ్చి. చీకటి పడితే చాలు, బండమీద వెల్లకిలా పడుకుని నక్షత్రాలను చూసేవాడు. చూసేకొద్దీ బెంగ పుట్టేది. ఇంత పెద్ద ఆకాశంలో మనకు తోడు ఎవరూ లేరా అన్న ఆ బెంగ నిజమైనదే, అతన్ని వెక్కిరించడానికి లేదు. ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి ముందు కూర్చుని అడిగేశాడు.

"గురువుగారూ, ఈ భూమ్మీద కాక ఇంకెక్కడైనా ప్రాణులున్నాయా? పెద్ద పెద్ద దేశాలవాళ్లు తిరగేసిన గొడుగుల్లాంటి యంత్రాలు పెట్టుకుని ఏళ్ల తరబడి చెవులు రిక్కించి వింటున్నారట. ఎక్కడా కిక్కురుమనడం లేదు. ఎవరూ లేకపోతే మన ఈ జపాలూ తపాలూ ఎవరి కోసం? నాకు భయంగా ఉందండీ. వచ్చే పున్నమిలోగా మీరు జవాబు చెప్పకపోతే గుట్ట దిగి నా దారిన నేను పోతాను."

సదానందయ్యగారు శ్రద్ధగా విన్నారు. "అయితే వినేవాళ్లకు లోటు లేదన్నమాట," అన్నారు. "నాకూ గొంతు పోతోంది నాయనా. రేపటినుంచి మధ్యాహ్నం కేక నువ్వు వెయ్యి."

ఇదేం జవాబని మార్కండేయులు గొణుక్కున్నాడు గానీ, గురువాజ్ఞ కాదనలేదు. మొదటిరోజు గొంతెత్తి పిలిచాడు. ఎదురుగుట్ట అతని మాటల్నే అతనికి తిప్పి పంపింది. రెండోరోజూ అంతే. ఆ తరువాత ఒకరోజు, పిలుపు నోట్లో ఉండగానే, ఒక ఆలోచన వచ్చి అతని గొంతుకు అడ్డుపడింది. నిజంగా ఎవరైనా వస్తే? ఆవేళ కొర్రన్నంలోకి గోంగూర పప్పు. మూడో విస్తరి మీద అతనికి అప్పటికే మమకారం ఏర్పడింది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు, వడ్డించేవాడు తానే అయినప్పుడు ఇక చెప్పేదేముంది! ఆ రోజునుంచి కేక కాస్తా పిలుపైంది, పిలుపు మాటైంది, మాట గొణుగుడైంది. పిలవలేదన్న దోషమూ అంటదు, వచ్చి కూర్చుంటారన్న బెడదా లేదు. పగలు ఇలా గుమ్మంలో గొణిగినవాడే, చీకటి పడ్డాక బండమీద పడుకుని, "ఒక్కరైనా పలకరేం?" అని నక్షత్రాలను చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. రెండింటికీ ఏదో సంబంధం ఉందని అతనికి తట్టనే లేదు. గురువుగారు మాత్రం, అతను పంచె బిగించలేక అవస్థ పడుతుంటే చూసి, "ఈ గుట్టగాలి నీకు బాగా పడినట్టుందే," అన్నారు.

పున్నమి వచ్చింది. మార్కండేయులు బట్టలు మూటగట్టుకున్నాడు. గురువుగారు ఆపలేదు సరికదా, "రేపు ప్రయాణం పెట్టుకున్నావు కదా, ఈరోజు నోరు తీపి చేసుకుందాం," అని కొర్రల పాయసం చేయించారు. ఎవరో భక్తుడు తెచ్చిన నెయ్యి, జీడిపప్పు కూడా అందులో పడ్డాయి. ఆ వాసనకు మార్కండేయులి ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలోకి వెళ్లాడు. పెదవులు కదిపాడు. తుమ్మెదకైనా వినబడి ఉండదు. గబుక్కున లోపలికి తిరిగి వచ్చి పాయసం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం సామీ, బాగుండావా?"

గుమ్మంలో ఒక ముసలమ్మ ఆయాసపడుతూ నిలబడి ఉంది. చేతిలో కర్ర, కొంగులో ఏవో కాయలు. తేలు కుట్టిన దొంగలా మార్కండేయులు గరిటె కింద పెట్టాడు.

"రా ఓబులమ్మా," అన్నారు గురువుగారు. "ఇంత ఎండలో గుట్టెక్కావే!"

"ఎక్కక ఏం జేసేది సామీ! ఆ పక్క గుట్టలో మేకలు మేపుకుంటా ఉంటా గదా. దినామూ పొద్దు నడినెత్తికి వస్తానే నీ కేక ఇనపడతాండె. నేను వచ్చేది యాడ, ఏడాదికొకతూరి వస్తానో రానో. కేక ఇనపడితే సాలు, పక్కనే మనుషులుండారులే అని ధైర్యంగా ఉంటాది. ఇప్పుడు శానా దినాలాయె, ఏమీ ఇనపల్యా. మంచాన పడినావో, పోనే పోయినావో అని బెంగటిల్లి, మేకల్ని చెల్లెలి మీద ఇడిసి వస్తి."

సదానందయ్యగారు నవ్వి, "నేను గుండ్రాయిలా ఉన్నాను. కూర్చో, ఆ విస్తరి నీదే," అన్నారు. శిష్యుడి వైపు ఆయన చూడను కూడా లేదు. చూసి కసిరినా బాగుండేది అనిపించింది మార్కండేయులికి. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. తనకున్న బెంగే ఆ పక్క గుట్టలో ఇంకొకరికీ ఉంది. ఇన్నాళ్లూ దాన్ని పెంచింది తను! గిన్నె ఆమె దగ్గరికి జరిపి పాయసం వడ్డించాడు. ఓబులమ్మ మొహమాటపడే మనిషి కాదు. మూడుసార్లు పోయించుకుంది. అతనికి మిగిలింది గిన్నె అడుగున గీకిన మాడు. చెబితే నమ్మరు గానీ, అదే అతనికి అన్నిటికంటే రుచిగా అనిపించింది.

మరునాడు మార్కండేయులు బయలుదేరలేదు. వంట ముగించి వెళ్తానన్నాడు. మూడు విస్తళ్లు పరిచి, గుమ్మం దాటి, బండ చివరికంటా వెళ్లి, గొంతు చించుకుని కేక వేశాడు. చెట్లమీది కోతులు బెదిరి పరుగెత్తాయి. ఎదురుగుట్ట ఎప్పటిలాగే అతని మాటల్ని తిప్పి పంపింది. అవి సద్దుమణిగాక, ఎక్కడో దూరంనుంచి, గాలిలో తేలుతూ ఇంకో గొంతు వచ్చింది.

"ఇనపడిందిలే నాయనా! ఈ పొద్దు రాను, సద్ది తెచ్చుకున్యా! మీరు తినండి!"

మార్కండేయులు పంచె జారిపోతున్నా చూసుకోకుండా లోపలికి పరుగెత్తాడు. "గురువుగారూ, పలికింది! పలికింది!" అన్నాడు. ఆ ఆనందం కాస్త నెమ్మదించాక, విస్తరి ముందు కూర్చుంటుండగా అతనికి పాత సందేహం మళ్లీ తలెత్తింది.

"అయితే గురువుగారూ, ఆ పైన నక్షత్రాల్లో ఎవరైనా ఉన్నట్టా, లేనట్టా? ఉంటే ఇన్నేళ్లుగా ఒక్క కేకైనా మనకు వినబడదేం?"

సదానందయ్యగారు పప్పన్నం కలుపుకుంటూ, "ఏమో నాయనా," అన్నారు. "వాళ్లింట పాయసమేమో."