చిరాయు మందిరం ముందు పులిజూదం

పైడికొండ నేలే పద్మనాభ భూపతికి తన మేనత్త అక్కలదేవి నిండు నూరేళ్లు బతికి తీరాలన్న పట్టుదల పుట్టింది. రాజుల ప్రేమకు ఒక అవలక్షణం ఉంది. అది ఎంతోసేపు ప్రేమగా ఉండలేదు, తెల్లవారేసరికి ఆజ్ఞ అయిపోతుంది.

ఆస్థాన వైద్యుడు యజ్ఞేశ్వర భట్టు ఆ ఆజ్ఞకు శాస్త్రం తొడిగాడు.

"బ్రహ్మ మనిషికి ఊపిరులు కొలిచి ఇస్తాడు ప్రభూ. మాట్లాడితే ఖర్చు, నవ్వితే ఖర్చు, పోట్లాడితే మరీ దుబారా. షష్టిపూర్తి దాటినవారిని మనుషుల మధ్య నుంచి తప్పించండి. ఆయుష్షు దానంతట అదే మిగులుతుంది."

"మిగిలిన ఆయుష్షుతో ఏం చేస్తారు స్వామీ?" అని అడిగాడు రాజుగారి లేఖలు రాసే రాయసం బుచ్చన్న.

"బతుకుతారు!" అన్నాడు భట్టు, మందమతికి చెప్పినట్టు.

సభ మొత్తం తలలూపింది. తలలూపడానికి ఊపిరి ఖర్చు కాదు కాబోలు, అనుకున్నాడు బుచ్చన్న.

కోట వెనక చిరాయు మందిరం వెలిసింది. పట్టుపరుపులు, వెండి గిన్నెల్లో పాలన్నం, గుమ్మానికి కావలి. పలకరింపు మాత్రం నిషేధం. మొట్టమొదట అందులోకి వెళ్లింది అక్కలదేవే. అంతవరకూ ఆమె పొద్దున్నే వసారాలో పీట వేసుకుని, పూలదండలు కట్టేవాళ్ల పాత తగవులు తీర్చేది, కొత్తవి పెట్టేది. మధ్యాహ్నం ఎవరు దొరికితే వాళ్లతో పులిజూదం ఆడి, గెలిచి, ఓడినవాళ్లను దీపాలు పెట్టేదాకా దెప్పేది. మందిరంలోకి వెళ్లాక గోడవైపు తిరిగి పడుకుంది. పళ్లేలు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి.

"అది ప్రశాంతత," అన్నాడు భట్టు.

ఆ ప్రశాంతత ముదిరి ఆమె బుగ్గలు గుంటలు పడ్డాక రాజుకు భయం పట్టుకుంది. అయినా వైద్యుడి మాట కాదనే ధైర్యం రాలేదు. అందుచేత సభలో ఒక వింత పందెం ప్రకటించాడు.

"మా అత్త చేత అన్నం తినిపించినవారికి కోరింది ఇస్తాను. కాని ఆమెతో ఒక్క మాట మాట్లాడినా, మందిరంలో అడుగు పెట్టినా, దేశం విడిచిపోవాలి."

భట్టు మీసాల చాటున నవ్వాడు. "మన బుచ్చన్నగారు ప్రయత్నించకూడదూ? వచ్చే నెల వారి షష్టిపూర్తి. ఎలాగూ ఆ గుమ్మానికి రావలసినవారే!"

సభ విరగబడి నవ్వింది. బుచ్చన్నకు నవ్వు రాలేదు. ఆ ముసలామె పక్క పడక తనదేనని అతనికి తెలుసు. పలకరించే దిక్కు లేకపోతే తాను గోడవైపు తిరగడానికి ఎన్నాళ్లు పడుతుందో ఊహించుకుంటూ లేచాడు.

"ప్రయత్నిస్తాను ప్రభూ."

మర్నాడు పొద్దున్నే రాజూ, భట్టూ, సభాసదులూ మందిరం ముందు చేరారు. బుచ్చన్న అక్కలదేవి కిటికీకి ఎదురుగా, రాతినేల మీద సుద్దతో పులిజూదం గీశాడు. కావలివాడు సింగడిని సైగచేసి కూర్చోబెట్టాడు. సింగడికి పులులుగా గులకరాళ్లు, తనకు మేకలుగా చింతపిక్కలు. మాటామంతీ లేకుండా ఆట మొదలైంది.

అతను ఆడిన తీరు చూస్తే పసివాళ్లకైనా సిగ్గేస్తుంది. వెనక గడి ఖాళీగా వదిలి, సరిగ్గా పులి నోటి ముందు మేకను పెట్టాడు. పులి దూకి చంపింది. మళ్లీ అక్కడే పెట్టాడు. మళ్లీ చచ్చింది.

లోపల మంచం కిర్రుమంది.

బుచ్చన్న తలెత్తలేదు. ఇంకో పిక్క తీసి, మహా ఆలోచనాపరుడిలా గడ్డం నిమురుకుని, అక్కడికే చెయ్యి చాపాడు.

"ఓరి దద్దమ్మా! మళ్లీ అక్కడే పెడతావా!"

అక్కలదేవి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. బుచ్చన్న ఆమెవంక వెర్రిచూపు చూసి, పిక్కను అక్కడే పెట్టాడు.

"లే! లేచి అవతలికి పో! నీలాంటి కాపరి దొరికితే మందకు పులులెందుకు?"

గోడ పట్టుకుంటూ బయటికి వచ్చి, అతన్ని పక్కకు నెట్టి కూర్చుంది. భట్టు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! ఊపిరి! ఊపిరి జాగ్రత్త!" అంటూనే గీతల వంక చూశాడు. "అయ్యో, అది కాదు! ముందు ఆ ఎడమ మూల మూసెయ్యాలి."

"నువ్వా నాకు చెప్పేది? కిందటేడు వరసగా ఓడినవాడివి!"

"ఓడానా? మీరు పిక్క దాచేశారు!"

"అబద్ధాలకోరు భట్టూ! కూర్చో. పులులు పట్టు, చూస్తాను. ఒరే సింగా, ఆకలేస్తోంది. పెరుగన్నం పట్రా, మాగాయ మరిచిపోకు. పాలన్నం తెచ్చావో, నీ నెత్తిన బోర్లిస్తాను."

కుడిచేత్తో ముద్దలు, ఎడమచేత్తో మేకలు. గిన్నె ఖాళీ అయింది. రాజు కళ్లు తుడుచుకుని అడిగాడు.

"బుచ్చన్నా, మా అత్తతో మాట్లాడలేదు కదా?"

"లేదు ప్రభూ. ఓడిపోయాను, అంతే."

భట్టుకు అప్పుడు తానెవరో గుర్తొచ్చింది. చటుక్కున లేచి ఉత్తరీయం దులుపుకున్నాడు.

"ఇదంతా నా మందిరం మహిమ ప్రభూ! ఇన్నాళ్లు కూడబెట్టిన ఊపిరే ఇప్పుడు ఆకలిగా బయటపడింది."

అతని తెలివికన్నా ఆ తెగింపే గొప్పదనిపించింది బుచ్చన్నకు. రెండు చేతులూ జోడించాడు.

"నిజమే ప్రభూ. ఇంత మహిమగల చోటు వైద్యులవారికే దక్కకపోవడం అన్యాయం. వారి షష్టిపూర్తి భోజనం మనమంతా ఎన్నడో తిన్నాం. నేను కోరేది ఇంతే. నా పడక వారికి ఇప్పించండి. ఈ పూట నుంచే."

భట్టు ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఒక్కణ్ణేనా? పొద్దుగూకేసరికి మా అరుగు మీద నలుగురూ చేరకపోతే నాకు ముద్ద దిగదయ్యా! నెల తిరక్కుండా చస్తాను!"

అన్నాక గానీ తానేమన్నాడో అతనికే వినిపించలేదు.

మొదట నవ్వింది అక్కలదేవి. తరవాత రాజు. ఆపైన, రాజు నవ్వాడు గనుక, సభ. మందిరం తలుపులు ఊడదీయమని అక్కడికక్కడే ఆజ్ఞాపించి, పద్మనాభ భూపతి తన మెడలోని ముత్యాలహారం తీసి బుచ్చన్న మెడలో వేయబోయాడు.

"ఆ సన్మానం ఏదో కాస్త పక్కకు జరిగి చేసుకో నాయనా," అంది అక్కలదేవి. "వెలుగుకు అడ్డొస్తున్నావు. నా మేకలు కనబడట్లేదు."