త్రివేణి కలిపిన చుట్టరికం

పిల్లలూ, మీరు కాకినాడకు చాలా దూరంలో పెరుగుతున్నారు కాబట్టి ఈ కథ మీ చెవిన పడి ఉండదు. కాస్త శ్రద్ధగా వినండి.

కాకినాడలో మల్లిక అపార్ట్‌మెంట్స్‌లో ఫ్లాటు ఉన్న త్రివేణి అనే ఆమెకు, ఏ చిక్కు వచ్చినా చిన్న అబద్ధంతో దాటేసే అలవాటు ఉండేది. చెడ్డ మనిషి మాత్రం కాదు. ఉద్యోగం తునిలో కావడంతో ఆ ఫ్లాటును మేరీరత్నం అనే నర్సుకు అద్దెకిచ్చింది. మేరీరత్నం తన కూతురు షారోనుతో అందులో ఉండేది.

ఏ ఇంటినీ రెండేళ్లకు మించి అద్దెకివ్వకూడదని, గడువు తీరినవాళ్లు అక్కడే మరో ఇంట్లో అద్దెకు దిగకూడదని అక్కడి ఫ్లాట్ల యజమానుల సంఘం నియమం. ఒకప్పుడు సొంతదారులంతా ఇళ్లు అద్దెకిచ్చి వెళ్లిపోతే, నీళ్ల మోటారు కాలిపోయినా పట్టించుకునేవాళ్లు లేకపోయారు. అందుకే ఆ నియమం పెట్టుకున్నారు. చుట్టాలో అతిథులో అద్దె లేకుండా ఉంటే మాత్రం గడువు లేదు.

మేరీరత్నానికి ఫిబ్రవరి ఆఖరుకు రెండేళ్లు నిండుతాయి. షారోను పదో తరగతి పరీక్షలేమో మార్చిలో. జనవరిలోనే సంఘం కార్యదర్శి పేర్రాజు గారు త్రివేణికి ఫోన్ చేసి గడువు గుర్తు చేశారు.

"ఆవిడ మా పిన్ని కూతురండీ," అంది త్రివేణి తడుముకోకుండా.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా? ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్తుంది కదా!"

"మా పిన్నిది ప్రేమ పెళ్లండీ."

తర్వాత మేరీరత్నానికి ఫోన్ చేసి, "అంతా సర్దేశాను. నువ్వేం మాట్లాడకు," అంది. మేరీరత్నానికి మనసొప్పలేదు. కానీ పరీక్షల ముందు ఇల్లు పోతుందన్న భయంతో ఊరుకుంది.

ఫిబ్రవరి ఆఖరుకు నాలుగు రోజులుందనగా పేర్రాజు గారు ఒక కాగితం పట్టుకొచ్చారు. "చుట్టాలమని ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఇక నేను నీ జోలికి రాను," అన్నారు.

మేరీరత్నం పెన్ను తీసుకుంది. షారోను పుస్తకంలోంచి తలెత్తి తల్లినే చూస్తోంది. మేరీరత్నం పెన్ను కింద పెట్టేసింది.

"నేను ఆవిడకేమీ కానండి. అద్దెకున్నానండి. ఇన్నాళ్లూ చెప్పనందుకు క్షమించండి."

పేర్రాజు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. సంగతి తెలిసి త్రివేణి ఫోన్‌లోనే కేకలేసింది. "ఒక్క సంతకంతో పోయేదానికి ఎంత పని చేశావు మేరీ!"

"పోయేదే మేడమ్. కానీ పిల్ల చూస్తోందండి."

మర్నాడు త్రివేణి తుని నుంచి పరుగెత్తుకొచ్చి, మేరీరత్నాన్ని వెంటబెట్టుకుని, రెండంతస్తుల కిందున్న పేర్రాజు గారింటికి వెళ్లి, "పరీక్షలయ్యేదాకా గడువివ్వండి," అని బతిమాలింది.

"ఈ మాట జనవరిలో అడిగుంటే, పదిహేను రోజుల నోటీసిచ్చి, మీటింగు పెట్టి, అందరితో ఒప్పించేవాణ్ణి కదమ్మా! ఉన్న నెలా నీ పిన్నికే సరిపోయింది. ఇప్పుడు నేనొక్కణ్ణీ నియమం మార్చలేను. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాల్సిందే."

మేరీరత్నం కళ్లు తుడుచుకుంది. అప్పుడు పేర్రాజు గారు లోపలున్న భార్యను కేకేశారు. "కామేశ్వరీ! ముందుగది ఖాళీ చేయించు. ఒకటో తారీఖు నుంచి మనింటికి అతిథులొస్తున్నారు."

తర్వాత మేరీరత్నం వైపు తిరిగి, "ఒక్క షరతమ్మా. రూపాయి ఇచ్చావో, అది అద్దె అయిపోతుంది. అప్పుడు నేనూ నియమం తప్పినట్టే!" అని నవ్వారు.

పుస్తకాలన్నీ మూటగట్టి రెండంతస్తులు కిందికి మోసుకోవడంలో షారోనుకు రెండు రోజుల చదువు పోయింది. ఆ నష్టం అబద్ధం వల్ల వచ్చిందే. అయినా ఆ పిల్ల ముందుగదిలో కూర్చుని చదివి మంచి మార్కులతో పాసయింది. మేరీరత్నం ఆ ఇంటి మేలు మరిచిపోలేదు. ఊళ్లో మరో ఇల్లు చూసుకుని వెళ్లాక కూడా, ప్రతి శనివారం వచ్చి పేర్రాజు దంపతులకు బీపీ చూసి వెళ్లేది.

పరీక్షలు రాసే పిల్లలుంటే, అడిగినవాళ్లకు గడువు పెంచాలని తర్వాతి మీటింగులో త్రివేణే లేచి కోరింది. అందరూ చేతులెత్తారు.

నియమం అడ్డొస్తే దాని కళ్లు కప్పకూడదు. దాన్ని పెట్టిన మనుషుల దగ్గరికి సకాలంలో వెళ్లి, మన కష్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఇదే ఈ కథలో నీతి. దీన్ని మీ దగ్గరే ఉంచుకోకండి నాన్నా, మీకంటే చిన్నవాళ్లకు చెప్పండి.