ఖాళీ కవరు

మా ఊరి ఆసుపత్రి పెద్ద డాక్టరు మనోరమగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కొత్తగా వచ్చిన డాక్టరు హిమజకి ఆ సంగతి తెలియదు. ఒకరోజు సూటిగా అడిగేసింది.

"మేడమ్, షుగరున్న వాళ్ళకి మాత్రలిస్తాం. లేనివాళ్ళని ఇంటికి పంపుతాం. షుగరు ఇంకా రాకపోయినా, వచ్చే దారిలో ఉన్నవాళ్ళని ఏం చెయ్యాలి?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. అంతకు ముందురోజే వంటల గవర్రాజుకి రక్తపరీక్ష అయింది. హిమజ అతన్ని కూర్చోబెట్టి, "ఇది షుగరుకి ముందు దశ. ఇప్పుడే మందులక్కర్లేదు. తిండి తగ్గించాలి, నడవాలి, మళ్ళీ వచ్చి చూపించుకోవాలి" అని శ్రద్ధగా చెప్పింది. మా ఊళ్ళో చెవులు మొదటి శుభవార్త దగ్గరే మూసుకుంటాయి. గవర్రాజు "మందులక్కర్లేదు" అన్న మాట పట్టుకుని బయటికొచ్చి, తను చేసిన బూందీ లడ్డూలే ఆసుపత్రి అంతా పంచాడు. కాంపౌండరు రెండు తీసుకున్నాడు. ఆయనకి షుగరుంది కాబట్టి రెండోది ఇంటికి పట్టుకెళ్ళాడని అనుకుంటున్నాం.

నవ్వుకోవలసిన విషయం కాదు. గవర్రాజు తండ్రి సూరన్న కూడా పెళ్ళివంటలు చేసినవాడే. షుగరుతో పుండు మానక పాదం తీసేశాక, పొయ్యి దగ్గర నిలబడలేక పెరట్లో పీటేసుకుని, ఉప్పెంతో పులుపెంతో కేకలేసి చెప్పేవాడు. ఆ కేకలు వింటూ వంట నేర్చినవాడు గవర్రాజు.

మనోరమగారు హిమజకి జవాబు చెప్పలేదు. నెల మాత్రలిచ్చే రోజున గవర్రాజుకి కబురు పెట్టి, షుగరు వాళ్ళ వరసలో నిలబడమన్నారు. ముందు నిలబడ్డ మాణిక్యమ్మ వెనక్కి తిరిగింది. ఆవిడకి తన జబ్బుకన్నా పక్కవాళ్ళ జబ్బులే బాగా గుర్తుంటాయి.

"ఏరా, నీకూ ఎక్కిందా?"

"లేదత్తా, నాకేమీ లేదు."

"ఏమీ లేనోడివి మా వరసలో ఎందుకురా, ఎండకా?"

గవర్రాజు చెమట తుడుచుకున్నాడు. వరస కదిలి తన వంతు వచ్చింది. మనోరమగారు కాగితం కవరొకటి తీసి, మాత్రల కవర్ల మీద వేసినట్టే దాని మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసి ఇచ్చారు. గవర్రాజు విప్పి చూశాడు. బోర్లించి దులిపాడు.

"డాక్టరమ్మగారూ, ఇందులో ఏమీ లేదండీ."

"మీ నాన్నకి మొదటిరోజే నిండుగా ఇచ్చాం."

గవర్రాజు కవరు దులపడం ఆపేశాడు.

"పొద్దున నడక. రాత్రి సగం అన్నం. వచ్చే నెల మాత్రల రోజున ఈ కవరు పట్టుకుని ఇదే వరసలో నిలబడు, రక్తం చూస్తాను. ఇది ఖాళీగా ఉండాలి. అది నీ పని. చూడ్డం మా పని" అన్నారావిడ.

గవర్రాజు కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మరుసటి నెల వచ్చాడు, ఆ తర్వాతా వచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తుంటే, పెళ్ళి భోజనాల బేరానికి వచ్చినవాళ్ళు కూడా వెంట నడుస్తూ మాట్లాడుకోవలసి వస్తోంది. పాయసం రుచి చూడ్డం భార్య వీరమ్మకి అప్పగించాడు. ఇన్నేళ్ళూ తీపి ఎక్కువవుతోందని ఆవిడ చెప్పేదాకా ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. రక్తంలో షుగరు మెల్లగా దిగింది. మాణిక్యమ్మ అతనికి వరసలో తన ముందు చోటు ఉంచుతోంది. ప్రేమ అని కాదు, ఎదురుగా ఉంటే అడగడం సులువని.

ఒక మాత్రల రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక హిమజ నవ్వుతూ అంది:

"అర్థమైంది మేడమ్. ఆ ఖాళీ కవరే మందు."

"కవరులో ఏముందమ్మా! మనిషికి వరసలో చోటిచ్చాం, అంతే" అన్నారు మనోరమగారు. బల్ల సర్దుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగారు.

"అది సరే. నువ్వొచ్చినప్పటినుంచీ మందులక్కర్లేదని ఇంకెవరెవరిని ఇంటికి పంపావు?"