మిట్టమధ్యాహ్నపు పందెం

నల్లరాతి గుట్ట కింద కానుగ తోపులో ఒక మంద ఉండేది. గొర్రెలు, మేకలు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా పోలమ్మ అనే గేదె. పక్క పొదలోనే ఒక గుంటనక్క కాపురం. వేసవి వస్తే దానికి పండగ. ఎండదెబ్బకు కూలిన జీవాన్ని వేటాడే పనేముంది? పోయినేడు రెండు గొర్రెపిల్లలు అలాగే దాని పొట్టలోకి పోయాయి.

ఆ దుఃఖం పోలమ్మ మరవలేదు. శివరాత్రి వెళ్లగానే వాగు ఇసుకలో కొమ్ములతో చెలమ తవ్వడం మొదలుపెట్టింది.

"చలి ఇంకా పోనేలేదు, ఇప్పుడెందుకత్తా ఈ చాకిరీ?" అన్నాడు పొట్టేలు జగ్గడు.

"దాహమేశాక బావి తవ్వుతామట్రా? కాలు కదుపు!"

జగ్గడు గొణుక్కుంటూనే తవ్వాడు. మందంతా తవ్వింది. చెలమలో నీరూరింది, పక్కన బురదగుంట తయారైంది. తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి మేత. నడుమ అందరూ కానుగల నీడనే. ఎవరు తూలినా పక్కనున్నవాళ్లు కేకెయ్యాలి. అదీ కట్టుబాటు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. అయినా మందలో ఒక్కటీ పడలేదు. నక్క పొట్ట వెన్నుకంటుకుపోయింది. ఓ మధ్యాహ్నం వినయంగా తోపులోకి వచ్చింది.

"జగ్గన్నా! గుట్ట అవతల మోకాలెత్తు పచ్చగడ్డి. ఈ ఎండవేళ గుట్టమీది బండ దాటినవాడే పొట్టేలనేవాడు మీ తాత. నువ్వేమో ముసలి గేదె తోక పట్టుకు కూర్చున్నావు!"

జగ్గడికి రోషం పొడుచుకొచ్చింది. లేచాడు. వెనకే పడుచు గొర్రెలన్నీ లేచాయి. పోలమ్మకు నక్క ఎత్తు అర్థమైంది. కానీ వద్దంటే ఆ రోషం ఇంకా రేగుతుందని ఆమెకు తెలుసు.

"మంచిమాటే. దారి తెలిసినవాడు ముందు నడవాలి కదా! నక్కబావా, నువ్వు బండ దాటి కూత పెట్టు. మందంతా నీ వెంటే వస్తుంది."

మందంతా బండెక్కితే సగం అక్కడే పడతాయి! నక్కకు నోరూరింది. "ఓస్, ఇంతేనా వదినా!" అంటూ బయల్దేరింది.

బండ పెనంలా కాలుతోంది. పాదాలు బొబ్బలెక్కాయి. నాలుక వేలాడింది. సగం దారిలో తూలి, గిర్రున తిరిగి, కూలబడింది.

జగ్గడి రోషం దిగిపోయింది. "అత్తా, అది చచ్చిపోతుంది!"

"చూస్తావేం? బురదలో మునిగి పరుగెత్తు!"

జగ్గడు ఒళ్లంతా తడుపుకుని వెళ్లి, నక్కను కొమ్ములకెత్తుకుని నీడకు తెచ్చాడు. గొర్రెలు దాని మెడకూ పొట్టకూ తడి బురద పూశాయి. పోలమ్మ తోకతో నీళ్లు చిలకరించింది. ఒక మేక దాని నోట్లో నీళ్లు పొయ్యబోతే ఆపింది.

"ముందు తెలివి రానియ్యి. ఇప్పుడు పోస్తే గొంతుకడ్డం పడతాయి."

కాసేపటికి నక్క కళ్లు తెరిచింది. "వదినా, నేనెందుకొచ్చానో నీకు తెలుసు. అయినా ఎందుకు బతికించావు?"

పోలమ్మ తలెత్తింది. "ఈ ఏడు ఈ తోపులో ఎవరినీ ఎండకు చావనివ్వకూడదని మాటిచ్చుకున్నాం. నువ్వూ ఈ తోపువాడివే."

నక్క తల దించుకుంది.

"ఇకనుంచి కాపలా నీది," అన్నాడు జగ్గడు. "ఎవరి అడుగు తడబడుతోందో కనిపెట్టడంలో నీ చూపు ఇక్కడెవరికుంది?"

తొలకరి పడింది. తడిసిన గుట్టెక్కి నక్క మందనంతా ఒక్కసారి కలయజూసింది. "ఒక్కరూ తగ్గలేదు వదినా!" అని ఊళ్లకు ఊళ్లు వినేలా కూసింది. ఆ కూతకు మందంతా ఛాతీ విరుచుకుంది.

ఎండకు ఎదురెళ్లినవాడిది మొండితనం, తోటివాణ్ణి ఎండకు పడనివ్వనివాడిది పౌరుషం.