ఎక్కి వచ్చిన రొట్టె

దస్తగిరికి వేడి టీ తాగే యోగం లేదు.

ఆదివారం వస్తే నెల్లూరు కుర్రాళ్ళు కొందరు జట్టుగా బండ్లేసుకుని పెంచలకోన వైపో, ఉదయగిరి వైపో పోతారు. అందరివీ పెద్ద బండ్లు. దస్తగిరిది హండ్రెడ్ సీసీ. ఊరు దాటేదాకా అందరూ కలిసే ఉంటారు. రోడ్డు ఖాళీ అయ్యాక మొదట వాళ్ళ వీపులు కనిపిస్తాయి, తర్వాత దుమ్ము కనిపిస్తుంది, ఆ తర్వాత చప్పుడొక్కటే మిగులుతుంది. అది కూడా పోయాక ఇక దస్తగిరి, వాడి బండి, రోడ్డు పక్కన మేస్తున్న మేకలు.

టీ కొట్టు దగ్గర వాళ్ళు ఆగుతారు, పాపం. వీడు చేరేసరికి వాళ్ళ గ్లాసులు ఖాళీ. "రారా దస్తగిరీ, నీ కోసమే చూస్తా ఉండాం" అంటూనే హెల్మెట్లు తగిలించుకుంటారు. వీడి కోసం చెప్పిన టీ బల్ల మీద మీగడ కట్టి ఉంటుంది. ఎవరూ ఒక్క మాట తప్పుగా అనరు. వాడికి కష్టంగా ఉండేది అదే. ఏదైనా అంటే కోపమన్నా తెచ్చుకోవచ్చు.

ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పని వాడిది. ఏ ఇంటికి వెళ్ళినా వాకిట్లో పెద్ద బండి కనిపించిందంటే చాలు, సామాను సంచీ భుజాన ఉండగానే అక్కడ నిలబడిపోయేవాడు. ఎవరూ చూడకుండా దాని ట్యాంకు మీద చెయ్యి వేసేవాడు. ఎండకు అది చుర్రుమనేది. అయినా కాసేపు తియ్యబుద్ధయ్యేది కాదు.

ఇంత ఆశ కడుపులో పెట్టుకుని ఎన్నాళ్ళని తిరుగుతాడు? షోరూములో మాట కూడా అయిపోయింది. పాత బండి అక్కడ వదిలేసి, కొత్తది ఎక్కి రావడమే. మిగిలింది ఒక్కటే, పీరాన్ బాబా సరేనని ఒక మాట అనాలి.

పీరాన్ బాబా ఊరవతల పెన్న ఒడ్డున చిన్న రేకుల ఇంట్లో ఉంటాడు. పరుపులు కుడతాడు. ఒకప్పుడు దస్తగిరిని వాళ్ళమ్మ పరుపు కుట్టించుకు రమ్మని పంపింది. వెళ్ళినవాడు పరుపు సంగతి మరిచిపోయి, ఆయన దూది ఏకుతుంటే చూస్తూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ ఆయనే వాడికి గురువు. ఆయన వాడికి ఫలానాది నేర్పాడని చెప్పడం కష్టం. ఎక్కడికి పోవాల్సి వచ్చినా వాడి బండి వెనక ఎక్కి, వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చుంటాడు, అంతే.

"బాబా, పెద్ద బండి తీసుకుందామని ఉంది. మీరు సరేనంటేనే" అన్నాడు దస్తగిరి ఒక సాయంత్రం.

బాబా చేతిలో దూది ఆగలేదు. "దీనికేమైందిరా?"

"ఏం కాలేదు బాబా."

"మరి?"

దస్తగిరి కారణాలు చాలానే కూర్చుకుని వచ్చాడు. హైవే మీద లారీలు, పెద్ద బండికి మంచి బ్రేకులు, పని మీద దూరం ఊళ్ళు పోవడం. వరసగా చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"వాళ్ళతో సమంగా పోవాలని ఉంది బాబా."

బాబా వాడి ముఖంలోకి చూశాడు. "రొట్టెల పండగ వస్తా ఉంది గదా. పోదాంలే" అన్నాడు, మళ్ళీ దూదిలోకి తల వంచుకున్నాడు.

దస్తగిరి ఎగిరి గంతేయలేదు గానీ, వేసినంత పనైంది. రొట్టెల పండగ మాట ఎత్తాడంటే సరేనన్నట్టే కదా!

నెల్లూరులో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు ఉంది. మొహర్రం రోజుల్లో అక్కడికి జనం రొట్టెలు పట్టుకుని వస్తారు. అన్ని మతాలవాళ్ళూ వస్తారు. కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అని పిలుస్తారు. ఆ కోరికే ఉన్నవాళ్ళు వచ్చి ఆ రొట్టె పుచ్చుకుని తింటారు. తీరాక, వీళ్ళు కూడా వచ్చి ఇంకొకరికి అదే రొట్టె ఇవ్వాలి. అక్కడి నమ్మకం అది.

పండగనాడు దస్తగిరి తెల్లచొక్కా వేసుకుని వచ్చేసరికి బాబా పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. గోధుమపిండి కలిపి, బెల్లం పెట్టి, ఒకే ఒక్క రొట్టె కాల్చాడు. గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం తినడానికేమోలే అనుకున్నాడు దస్తగిరి.

చెరువు గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. నీళ్ళలోంచి పిలుపులు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. ఆ గోలలో దస్తగిరి చెవికి ఒక్కటే వినిపించింది. "బుల్లెట్ రొట్టె! బుల్లెట్ రొట్టె!" మెడలో గొలుసు వేసుకున్న ఒకాయన రొట్టెల గంప పట్టుకుని అరుస్తున్నాడు. ఆయన ముందు కుర్రాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు. దస్తగిరి చెప్పులు విప్పేసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్నాడు.

బాబా గుడ్డ విప్పి, రొట్టె వాడి చేతిలో పెట్టాడు.

"ముందు ఇది ఇచ్చేసి రా."

"ఏం రొట్టె బాబా ఇది?"

"మనం ఎక్కి వచ్చిన రొట్టె."

దస్తగిరి ముఖం వేడెక్కింది.

అవును. వాడు సైకిలు మీద గ్యాసు సిలిండరు కట్టుకుని వీధి వీధీ తిరిగే రోజుల్లో, ఇదే చెరువులో నిలబడి బండి రొట్టె పుచ్చుకున్నాడు. ఎవరో ముసలాయన ఇచ్చాడు. బండి వచ్చింది. ఆ తర్వాత ఏటా బాబాని ఎక్కించుకుని పండగకి వచ్చాడు, అమ్మకి గాజులు కొన్నాడు, స్నేహితులతో తిరిగాడు, పోయాడు. రొట్టె మాత్రం ఇవ్వలేదు. మరిచిపోయాననే ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్నాడు. మరిచిపోవడం కాదది. మరుసటి ఏడు పండగకే వాడికి పెద్ద బండ్లవాళ్ళ జట్టు కుదిరింది. ఇంత చిన్న బండికి ఇంతమందిలో రొట్టె పట్టుకుని అరవడమేమిటని సిగ్గేసింది.

ఇప్పుడూ సిగ్గుగానే ఉంది. అయినా గురువు మాట. నీళ్ళలోకి దిగాడు.

"బండి రొట్టె" అన్నాడు, పక్కవాడికి కూడా వినిపించకుండా.

నాలుగుసార్లు అన్నాక గొంతు కాస్త లేచింది. ఒక కుర్రాడు గబగబా వచ్చాడు. "ఏం బండన్నా?"

"హండ్రెడ్ సీసీ."

"ఓస్, అదా! నాకుండాదిలే" అని బుల్లెట్ గంప వైపు పోయాడు. ఇంకొకడు వచ్చాడు, అడిగాడు, నవ్వాడు, పోయాడు. మూడోవాడు అడగను కూడా అడగలేదు. రొట్టె సైజు చూసే బండి సైజు పోల్చుకున్నట్టు దూరంగా నడిచాడు. వాళ్ళ మీద దస్తగిరికి ఒళ్ళు మండింది. ఏం తక్కువైందిరా దీనికి, అని కేక వేద్దామనుకున్నాడు. ఆ కేక గొంతులోకి వచ్చాక, అది ఎవరిని అడగాల్సిన మాటో తెలిసి, మింగేశాడు.

అప్పుడొచ్చింది ఒకామె. నలభై దాటి ఉంటాయి. మనిషి దిట్టంగా ఉంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది.

"బండి రొట్టేనా నాయనా?"

"ఆ అమ్మా." ఎందుకొచ్చిన గొడవని ముందే చెప్పేశాడు. "చిన్న బండే."

"చిన్నదంటే? నేనెక్కితే లాగుతాదా?"

దస్తగిరికి నవ్వొచ్చింది. "లాగుతాదమ్మా."

"నా పేరు చెంగమ్మ. అల్లూరు నించి ఆకుకూరలు తెచ్చి అమ్ముకుంటా. రెండు మూటలుంటాయి. మూటలు చూస్తే బస్సోళ్ళు ఆపకుండా పోతారు. మూటలేసినా లాగుతాదా?"

"లాగుతాది."

"ఎంత దూరం పోతాది?"

"నువ్వు ఎంత దూరం పొమ్మంటే అంత దూరం పోతాదమ్మా" అన్నాడు దస్తగిరి.

అనేసి ఆగిపోయాడు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వాడికే తెలియలేదు.

చెంగమ్మ రెండు చేతులూ చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. "నాకు నడపడం రాదే! రాకుండా రొట్టె తీసుకోవచ్చా?"

"దానికేముందమ్మా, వస్తుంది. ఇట్ట పట్టుకో." రొట్టెను అడ్డంగా చుట్టి ఆమె చేతుల్లో పెట్టాడు. "ఇది హ్యాండిలు. ఎడం చేతిది క్లచ్చి, నొక్కు. కుడిచేతిది రేసు. కాలితో గేరు ముందుకు తొక్కు. ఇప్పుడు క్లచ్చి మెల్లిగా వదులు. మెల్లిగా! పిట్టని వదిలినట్టు వదలాల."

మోకాలి లోతు నీళ్ళలో చెంగమ్మ రొట్టె పట్టుకుని, కాలితో తొక్కి, క్లచ్చి వదిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. ఆమెకేం పట్టలేదు. కళ్ళు మూసుకుంది.

"గాలి కొడతాదా నాయనా?"

"కొడతాదమ్మా. మొదటి రోజైతే కళ్ళల్లో నీళ్ళొస్తాయి."

వాడికి వచ్చాయి. బండి ఇంటికి తెచ్చిన రోజు ఏ పనీ లేకుండా పెన్న వంతెన మీద ఆ కొసకు పోయాడు, ఈ కొసకు వచ్చాడు, మళ్ళీ పోయాడు. ఆ రోజు వాడి ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. లోకంలో అంతకంటే పెద్ద బండి ఒకటి ఉంటుందని కూడా తోచలేదు. గాలికే కళ్ళు చెమర్చాయని ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాడు. అమ్మ నమ్మలేదు.

చెంగమ్మ కళ్ళు తెరిచింది. రొట్టె విప్పి కళ్ళకద్దుకుంది. సగం అక్కడే నిలబడి తిన్నది, సగం కొంగున కట్టుకుంది. "నీ చెయ్యి చల్లగుండ. నువ్వేం కోరుకుంటే అది నీకు రావాల" అని వాడి తల మీద తడిచెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

దస్తగిరి ఖాళీ చేతులతో బుల్లెట్ గంప దగ్గరికి నడిచాడు. తోపులాటలో వాడి వంతు వచ్చేసరికి గంప అడుగున ఒక్కటే రొట్టె ఉంది. గొలుసాయన దాన్ని తీసి వాడి చేతిలో పెడుతూనే వాడి భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు.

"కారు రొట్టె ఎక్కడ ఇస్తా ఉండారో ఏమన్నా చూసినావా?" అని అడిగాడు.

దస్తగిరి చూడలేదన్నాడు. ఆయన గంప నెత్తిన పెట్టుకుని, నీళ్ళు తోసుకుంటూ పోయాడు. రొట్టె ఎవరికిచ్చాడో రేపు అడిగితే చెప్పలేడు.

గట్టు మీద బాబా కాళ్ళు నీళ్ళకు ఆనించి కూర్చుని ఉన్నాడు. దస్తగిరి రొట్టె చూపించాడు.

"దొరికింది బాబా."

"మంచిది."

"మీరింకా సరేనని అనలేదు."

"వద్దని కూడా అన్లేదు గదరా."

దస్తగిరి పక్కన కూర్చున్నాడు. రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. తినబుద్ధయింది, నోటి దాకా తీసుకెళ్ళాడు, ఎందుకో దించేశాడు. ఇన్నేళ్ళుగా ఈయన్ని పండగకి తీసుకొస్తున్నాడు. ఈయన ఒక్కసారైనా నీళ్ళలో దిగి ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదని ఇప్పుడే తట్టింది.

"మీరెప్పుడూ ఏ రొట్టే తీసుకోలేదా బాబా?"

"తీసుకున్నా. నీ వయసులో ఉన్నప్పుడు, ఒక్కటి."

"మరి ఇచ్చేసినారా?"

"తీరితే గదా ఇచ్చేది."

"ఇంకా తీరలేదా!" దస్తగిరికి జాలేసింది. ఇంత మంచివాడికి, ఇన్నేళ్ళు! "ఏం రొట్టె బాబా అది?"

 పీరాన్ బాబా నీళ్ళ వైపు చూశాడు. దస్తగిరి పెద్ద బండ్ల మీద చెయ్యి వేసి నిలబడినప్పుడు ఏ అద్దంలోనైనా తన ముఖం చూసుకుని ఉంటే, ఆ ముఖం ఇప్పుడు ఆయనలో ఆనవాలు పట్టేవాడు. కాకపోతే ఆయన ముఖంలో కష్టం లేదు. పెళ్ళినాటి పొద్దున్న పెళ్ళికొడుక్కి ఉండే ఆత్రం ఉంది. ముసలి ముఖంలో అంత కొత్త ఆత్రం చూసి దస్తగిరికి భయం లాంటిదేదో వేసింది. జాలి ఎటు పోయిందో పోయింది. ఇంతటి ఆశ తనకు ఒక్క రోజైనా ఉందా అనిపించింది.

"తీరలేదు. అందుకే పాతబడలేదు" అన్నాడు బాబా చివరికి. మోకాళ్ళ మీద చేతులూని లేచాడు. "పద, బండి తియ్యి."

దస్తగిరి రొట్టెను గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బండి ఒక్క కిక్కుకే అందుకుంది. బాబా వెనకెక్కి ఎప్పటిలాగే భుజం మీద చెయ్యి వేశాడు.

ఊరు దాటగానే వెనక నుంచి చప్పుడు వచ్చింది. వాడికి బాగా తెలిసిన చప్పుడు. పెద్ద బండ్లు ఒకదాని వెనక ఒకటి పక్కగా దూసుకుపోయాయి. ఎవడో చెయ్యి ఊపాడు. దస్తగిరి గుండె ఎప్పటిలాగే వాళ్ళ వెంట లాగింది. అబద్ధమెందుకు, గట్టిగానే లాగింది. రేసు మీద చెయ్యి దానంతటదే బిగిసింది, మళ్ళీ దానంతటదే వదులైంది. జేబులో రొట్టె గుండెకు తగులుతోంది. చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, పోయింది. రోడ్డు పక్కన మేకలున్నాయి. పెన్న మీద నుంచి గాలి కొడుతోంది.

భుజం మీద చెయ్యి కొంచెం కదిలింది.

"ఎంత దూరం పోతాదిరా ఈ బండి?" అని అడిగాడు బాబా.

చెంగమ్మకు తడుముకోకుండా చెప్పినవాడు నోరు తెరిచాడు.  కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఈసారి గాలి వల్లనని తనకు తాను కూడా చెప్పుకోలేదు.